పొంగని సోడా

"చెయ్యి ఎత్తు," అంది బోమి.

"ఎత్తాను కదండీ."

"ఎత్తింది ఎడమది. నేనడిగింది కుడిది."

మన్‌హో కుడిచెయ్యి ఎత్తబోయాడు. భుజంలో ప్రాణం పోయినంత పనయింది. పళ్లు బిగించి, ఆ బిగింపునే నవ్వు చేసేసి, "రాత్రి వంకరగా పడుకున్నానులెండి," అన్నాడు.

మా తోంగ్యోంగ్ రేవులో ఈ అబద్ధం ఆడని డైవర్ లేడు. గొట్టంలో వచ్చే గాలి పీలుస్తూ సముద్రం అడుగున ఆల్చిప్పలు ఏరడం మావాళ్ల పని. లోతులో ఒత్తిడికి ఆ గాలిలోని నైట్రోజన్ రక్తంలో కరిగిపోతుంది. పైకొచ్చేటప్పుడు మధ్యమధ్యలో ఆగితే ఊపిరితోపాటు మెల్లగా బయటికి పోతుంది. ఆగకుండా వచ్చామా, ఒంట్లోనే బుడగలు కడుతుంది. కీళ్లు పట్టేస్తాయి, ఖర్మ కాలితే కాళ్లే పడిపోతాయి. అలా వచ్చినవాణ్ణి రేవంతా చేతకానివాడి కింద జమకడుతుంది. అందుకే నొప్పికి ఏడుస్తారు గానీ నోరు విప్పరు.

బోమి అలాంటివాళ్లను చూసే నర్సు. రోగితో పాటు ఇనుప చాంబర్‌లో కూర్చోవడం ఆమె డ్యూటీ. లోపల మళ్లీ ఒత్తిడి పెంచి, ఒంట్లోని బుడగలను అణిచి, మాస్క్‌తో ఆక్సిజన్ పట్టి నైట్రోజన్‌ను వెళ్లగొట్టడమే అక్కడి వైద్యం.

ఇప్పుడు ఇద్దరూ ఆ చాంబర్‌లోనే ఉన్నారు. దాని గుండ్రటి అద్దానికి అవతల బోమి తండ్రి పిల్‌దో కూర్చున్నాడు. మన్‌హో పనిచేసే పడవకు ఆయనే కెప్టెన్. పడవ దిగగానే మన్‌హోను కాలర్ పట్టుకుని ఈడ్చుకొచ్చింది కూడా ఆయనే. వయసులో ఉన్నప్పుడు ఒకసారి ఆగకుండా పైకొచ్చాడట. ఆయన ఎడమకాలు ఇప్పటికీ ఈడుస్తుంది.

"మధ్యలో ఎక్కడెక్కడ ఆగావు?" అడిగింది బోమి.

"ఆగానండీ."

"ఎంతసేపు?"

"ఆగాల్సినంత."

బోమి చేతిలోని కాగితం పక్కన పెట్టేసింది.

"చూడు మన్‌హో, నువ్వు చెప్పినదాన్ని బట్టే డాక్టరు గారు నిన్ను ఎంతసేపు ఉంచాలో తేలుస్తారు. నువ్వు అబద్ధమాడితే వైద్యం తప్పుతుంది. ఆ చెయ్యి ఇక లేవదు. అన్నం కూడా ఇంకొకరు తినిపించాలి."

"ఎవరు తినిపిస్తారన్న దాన్ని బట్టి..."

"ఏంటీ?"

"ఏం లేదండీ." మన్‌హో చెవులు ఎర్రబడ్డాయి. కాసేపు కాలి బొటనవేలు చూసుకున్నాడు. "ఆగలేదండీ. ఒక్కచోట కూడా ఆగలేదు."

"ఎందుకు?"

"అది కూడా చెప్పాలా?"

"చెప్పాలి. గాలి పంపే కంప్రెసర్ పొగ గొట్టంలోకి వచ్చి కళ్లు తిరిగాయనుకో, దానికి వైద్యం వేరు. గాలి బాగా లేదా?"

మన్‌హో తలపైనున్న మైక్ వంక చూశాడు. మనిషి లోపల ఉన్నంతసేపూ దాన్ని ఆపరు. అద్దంలోంచి కెప్టెన్ కళ్లు తననే చూస్తున్నాయి. సరిగ్గా ఆ కళ్లముందు చెప్పుకోలేకే కదా రెండేళ్లుగా మనసులో మాట మింగుతున్నాడు!

"గాలి బంగారంలా ఉంది. నా బుద్ధే గడ్డి తింది," అన్నాడు గొణుగుతూ. "అడుగున ఉన్న నాతో మీ నాన్నగారు పడవ మీంచి హెల్మెట్ ఫోన్లో మాట్లాడుతూ, మా బోమి ఎవరో అబ్బాయిని వెంటబెట్టుకొచ్చింది, కుర్రాడు భలే ఉన్నాడు అన్నారు. పెళ్లికొడుకేమో అనుకున్నాను. వచ్చేశాను."

"వచ్చి ఏం చేద్దామని?"

"పడవెక్కి బూట్లు విప్పేదాకా ఆ సంగతి ఆలోచించలేదండీ."

బోమి నవ్వుతుందనుకున్నాడు. ఆమె నవ్వలేదు. కళ్లలో నీళ్లు నిండాయి.

"ఆ వచ్చినాయన కంప్రెసర్ గాలి పరీక్ష చేసే మనిషి. ఇద్దరు పిల్లల తండ్రి. నువ్వు పీల్చే గాలి శుభ్రంగా ఉందో లేదోనని నేనే బతిమాలి తీసుకొచ్చాను. తీరా వస్తే నువ్వు చేసిన ఘనకార్యం ఇదీ!"

"నా కోసమా?"

"కాదు, మీ పడవలో పిల్లి కోసం. నీకు ఏమైనా అయ్యుంటే నేనేమైపోవాలి? బుద్ధుందా నీకు?"

మన్‌హోకు సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లేచి పారిపోదామంటే ఆ తలుపు ఇప్పట్లో తెరుచుకోదు.

"తప్పయిపోయింది బోమీ," అన్నాడు. ఆ 'అండీ' ఎప్పుడు ఎగిరిపోయిందో అతనికే తెలియదు. "నువ్వంటే నాకు..."

"మాస్క్ పెట్టుకో. మిగతాది తర్వాత చెబుదువుగాని."

డాక్టరు గడువు పెంచారు. పొద్దు వాలేదాకా ఆక్సిజన్ పీలుస్తూనే ఉన్నాడు. లోపలి ఒత్తిడి తగ్గించడం మొదలుపెట్టే ముందు స్పీకర్‌లో కెప్టెన్ గొంతు ఖంగుమంది.

"ఒరేయ్, అంతా విన్నాను."

"చిత్తమండీ," అన్నాడు మన్‌హో నేలలోకి చూస్తూ.

"మందులు పంపే గూట్లో సోడా పెట్టాను. తాగు."

"నాన్నా!" అంది బోమి.

"నువ్వు మాట్లాడకు."

పెద్దవాళ్లు ఇచ్చింది రెండు చేతులా అందుకోవాలి, కాదనకూడదు. మన్‌హో అలాగే అందుకుని, పెద్దల ఎదుట తాగేటప్పటి మర్యాదగా ముఖం పక్కకు తిప్పుకుని మూత తీశాడు. బుస్సు లేదు, బుడగ లేదు. చక్కెర నీళ్లలా ఉంది. పాపం ముసలాయన గ్యాస్ పోయిన సీసా కొన్నాడనుకుని, ఆయన మనసు నొప్పించడమెందుకని అడుగుదాకా తాగేశాడు.

"మన్‌హో, కుడిచెయ్యి!" అని అరిచింది బోమి. "సీసా ఎత్తింది కుడిచేత్తోనే!"

అప్పుడు చూసుకున్నాడు. నొప్పి లేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని వెర్రివాళ్లలా నవ్వుకున్నారు.

లోపల ఒత్తిడి తగ్గేకొద్దీ అతని పొట్టలో గుడగుడ మొదలైంది. కాసేపటికి పొట్ట డోలులా బిగిసింది. తలుపు తెరిచారు. బయటికొచ్చి కెప్టెన్ ముందు నడుం వంచి దండం పెట్టాడు. ఆ వంగడంతో పొడుగాటి త్రేన్పొకటి వరండా అంతా మోగింది.

మన్‌హో వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. తలెత్తే ముఖమేదీ?

"గ్యాస్ ఎక్కడికీ పోలేదురా," అన్నాడు కెప్టెన్. "ఒత్తిడికి అణిగి కూర్చుంది. నీ భుజంలో జరిగింది కూడా ఇదే. ఇక మీదట గుర్తుంటుందా?"

"చచ్చినా మర్చిపోనండీ."

"మా అమ్మాయి కోసం వస్తే ఆగి ఆగి రా. నువ్వొచ్చేదాకా ఎక్కడికీ పంపన్లే." ఆయన కర్ర ఊతంగా లేచాడు. "ఆదివారం భోజనానికి రా. సోడా ఉండదు."

ఆ ఈడుస్తున్న కాలి చప్పుడు మలుపు తిరిగింది.

"చెయ్యి ఎత్తు," అంది బోమి.

ఈసారి కుడిదే ఎత్తాడు. ఆమె ఆ చేతిని పట్టుకుంది.

"ఎంతసేపు ఎత్తి ఉంచాలి?"

"ఆగాల్సినంత," అంది బోమి.