ఇరవై ఏడు అంగుళాల సాక్ష్యం

తెల్లవారేసరికి పెయింటర్ మంచంలోనే చనిపోయి ఉన్నాడు.

ముందురోజు సాయంత్రం సైన్‌బోర్డు రాస్తూ నిచ్చెన మీంచి పడ్డాడు. తలకి దెబ్బ. ఆసుపత్రిలో స్కాన్ తీశారు. రాత్రి 7.40కి ఆ స్కాన్ ఇంట్లో ఉన్న డాక్టర్ లాప్‌టాప్‌కి వెళ్ళింది. 7.46కి రిపోర్ట్ తిరిగొచ్చింది. 'నార్మల్' అని. మాత్రలిచ్చి ఇంటికి పంపేశారు.

పోస్ట్‌మార్టంలో అసలు సంగతి తేలింది. పుర్రె లోపల రక్తం కారి గడ్డకట్టింది. ఆసుపత్రి కంప్యూటర్‌లో ఉన్న స్కాన్ తీసి చూస్తే అందులోనూ ఉంది. సన్నటి తెల్లచార.

మరి తప్పెవరిది?

పెద్దవాళ్ళ మీదికి వచ్చేసరికి చిన్నవాళ్ళ మెడ వెతకడం మనవాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. స్కాన్ తీసిన టెక్నీషియన్ దొరికింది. పాతికేళ్ళ పిల్ల. ఆ రోజే సస్పెండ్ చేశారు. ఆమె నిర్లక్ష్యం వల్లే మనిషి పోయాడని పోలీసులకి కంప్లయింట్ కూడా ఇచ్చారు.

కేసు ఇన్‌స్పెక్టర్ చేతికొచ్చింది. డిపార్ట్‌మెంట్‌లో ఆయన్ని 'నిదానం' అంటారు. ఆయన హడావుడి పడగా చూసినవాళ్ళు లేరు.

"ఆ రోజు నువ్వు పంపింది ఎవరి స్కాన్?" అని టెక్నీషియన్‌ని అడిగాడు.

"ఆయనదే సార్."

"డాక్టర్‌గారు కాదంటున్నారు. ముందు వేరేవాళ్ళది పంపి, గొడవయ్యాక మార్చేశావంటున్నారు."

"నేనెందుకు మారుస్తాను సార్? మార్చలేదని ఎలా చూపించాలో తెలీట్లేదు. కంప్యూటర్‌లో ఆ వివరాలు ఉండవట. కేసు పడితే ఇంకే ఆసుపత్రీ నన్ను గుమ్మం ఎక్కనివ్వదు సార్. మా ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే."

నిదానం అక్కణ్ణుంచి నేరుగా డాక్టర్ ఇంటికి వెళ్ళాడు.

డాక్టర్ గది అద్దంలా ఉంది. బల్ల మీద పెద్ద మానిటర్. పక్కన లాప్‌టాప్. రెంటికీ మధ్య ఒకే ఒక్క సన్నటి కేబుల్.

"ఇరవై ఏడు అంగుళాలు ఇన్‌స్పెక్టర్‌గారూ," అన్నాడు డాక్టర్. "ఇంటి నుంచి స్కాన్లు చూడాలంటే పెద్ద స్క్రీన్ ఉండి తీరాలని ఆసుపత్రి రూలు. వాళ్ళే కొనిచ్చారు. ఇంత స్క్రీన్ మీద ఆ చార నాకు కనపడకుండా ఉంటుందా? కనపడలేదంటే నాకొచ్చిన స్కాన్ అది కాదు. అంతే!"

మాట నిక్కచ్చిగానే ఉంది. కాకపోతే మొత్తం ఆ స్క్రీన్ మీదే నిలబడి ఉంది.

"ఆ రోజు దీని మీదే చూశారా?"

"దీని మీదే. నాలుగు నెలలుగా దీని మీదే చూస్తున్నాను."

వెలిగించి చూపించాడు కూడా. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

నిదానం చూపు మానిటర్ మీద లేదు. లాప్‌టాప్ మూలన ఇంకా ఊడదియ్యని కంపెనీ స్టిక్కర్ మీద ఉంది.

"లాప్‌టాప్ కొత్తదా?"

కాఫీ తెచ్చిన ఆయన భార్య అందుకుంది.

"పోయిన వారమే కొన్నారండీ, ఆ పెయింటర్ పోయిన రెండ్రోజులకి. పాతది మా పాపకిచ్చేశారు, హోంవర్క్ చేసుకుంటుందని."

పాపం, ఆవిడకేం తెలుసు? డాక్టర్ ఆవిణ్ణి చూసిన చూపుకి చేతిలో కాఫీ విరిగిపోవాలి.

"ఆ పాతది రెండురోజులు ఇప్పించండమ్మా," అన్నాడు నిదానం.

మూడోనాడు అందరినీ అదే గదికి పిలిపించాడు. డాక్టర్, ఆయన భార్య, టెక్నీషియన్. గుమ్మం దగ్గర పెయింటర్ భార్య. కూర్చోమన్నా కూర్చోలేదు.

పాత లాప్‌టాప్ బల్ల మీద పెట్టాడు.

"పెయింటర్ పడిన రోజు మీ దగ్గరున్నది ఇదే కదా డాక్టర్‌గారూ?"

"అవును."

"మానిటర్‌కి దేనితో కలిపేవారు?"

"ఈ కేబుల్‌తోనే."

"వేరే ఏమీ వాడలేదా?"

"లేదు."

"ఏదీ, కలపండి."

డాక్టర్ చెయ్యి కదల్లేదు. నిదానమే కలిపాడు. కేబుల్ చక్కగా దూరింది. లాప్‌టాప్ పక్కన చార్జింగ్ దీపం వెలిగింది. మానిటర్ మీద మాత్రం రెండే ముక్కలు. 'నో సిగ్నల్'.

"కేబుల్ పాడైపోయిందేమో!"

"స్టేషన్లో మూడు కేబుళ్ళు, రెండు మానిటర్లు మార్చి చూశాను. మోడల్ నంబర్ చెప్పి కంపెనీ వాళ్ళనీ అడిగాను. ఈ లాప్‌టాప్‌కి ఉన్నది ఇదొక్క రకం సాకెట్టే. ఇందులోంచి కరెంటు వస్తుంది, ఫైళ్ళు వెళ్తాయి. బొమ్మ వెళ్ళదు. చూడ్డానికి ఈ సాకెట్లన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి కేబుల్ దూరుతుంది. దూరింది కదా అని అందరూ అక్కడే బోల్తా పడతారు. ఈ మానిటర్ ఈ లాప్‌టాప్‌తో పనిచేస్తుందా అని కొనేముందు ఆసుపత్రి అడగలేదు. కొన్నాక మీరూ చెప్పలేదు. నాలుగు నెలలు ఇది మీకు చార్జర్‌గా పనిచేసింది డాక్టర్‌గారూ."

నిదానం కేబుల్ ఊడదీశాడు.

"7.40కి వచ్చిన స్కాన్ దేని మీద చూశారు?"

"లాప్‌టాప్ మీదే. మొదటి రోజే బొమ్మ రాలేదు. కానీ అప్పటికే అంతా బాగుందని ఆసుపత్రికి చెప్పేశాను. రావట్లేదంటే ఇంటి నుంచి చూడనివ్వరు. తర్వాతెప్పుడో చూద్దాంలే అనుకున్నాను. అలవాటైపోయింది."

"స్కాన్ మారిందా?"

"లేదు. మర్నాడు ఆ ఫైలే మళ్ళీ తెరిచి చూశాను. అప్పుడు కనపడింది."

అంటే తెలిసే ఆ పిల్ల మీదికి తోశాడు. టెక్నీషియన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. డాక్టర్ భార్య వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. భర్త వైపు మాత్రం తిరిగి చూడలేదు.

అప్పుడు నోరు విప్పింది పెయింటర్ భార్య.

"సార్, ఒక్క మాట. పెద్దదాంట్లో చూసుంటే కనపడేదా?"

నిదానం కొత్త లాప్‌టాప్ కలిపి, స్కాన్ తెరిచి, పక్కకి జరిగాడు.

"మీరే చూడండమ్మా."

ఆవిడ దగ్గరికొచ్చింది. ఎక్కడ చూడాలో ఎవరూ చెప్పలేదు. అటు చూసింది, ఇటు చూసింది. మెల్లగా స్క్రీన్ మీద వేలు పెట్టింది.

"ఆ పక్కన లేదు. ఈ పక్కన తెల్లగా ఉంది."

ఆవిడ వేలు తియ్యకుండానే డాక్టర్ వైపు తిరిగింది.

"ఇదేనా బాబూ?"

"అదేనమ్మా," అన్నాడు డాక్టర్.