పది లెక్కపెట్టాక

పాతబస్తీ ఇళ్లల్లోకి వరద నీళ్లొచ్చిన ఏడాది. గోడల మీద బురద గీత ఇంకా ఆరలేదు.

రాత్రి ఏడు గంటలు. దబీర్‌పురా.

సీమోను పరిగెత్తుతున్నాడు!

చేతుల్లో కూతురు వీణ. తొడలోంచి రక్తం... ముత్యాల షాపు సేఠ్‌ను పొడిచి పారిపోతున్నవాడి మొహం చూసింది. అందుకే ఆమెనూ పొడిచాడు.

గాయం పైన తువ్వాలు బిగించి ఉంది. రైల్వే గ్యాంగ్‌మన్‌గా సీమోను ఫస్ట్‌ఎయిడ్ క్లాసులో నేర్చుకున్న కట్టు.

ఎదురుగా ఆటో!

"దవాఖానకు! జల్ది పోనియ్ భాయ్!"

"కూసో చాచా!"

ఆటో దూకింది. సీట్లో కూర్చోబెట్టగానే వీణ తల వేలాడిపోయింది. చేతులు మంచుముద్దలు.

"అమ్మా... అన్నం పెట్టవా..."

వాళ్లమ్మ చచ్చిపోయి ఆరేళ్లు!

రక్తం తగ్గితే ముందు కాళ్లూ చేతులూ చల్లబడతాయి. తర్వాత కిడ్నీలు మొరాయిస్తాయి. మెదడుకు అందకపోతే మాట తప్పుతుంది. క్లాసులో డాక్టరు చెప్పినవే!

గబగబా పడుకోబెట్టాడు. తల తన ఒళ్లో. కాళ్లు పైకెత్తి ఆటో పక్క రాడ్ మీద.

రెండు నిమిషాలు...

వీణ కళ్లు తెరిచింది. ముందున్న అద్దంలో డ్రైవర్ మొహం చూసింది.

"డాడీ... ఈడే... ఈడే పొడిచిండు..."

"దిమాగ్‌కు రక్తం అందుతలేదు బిడ్డా. గందుకే గిట్ల మాట్లాడుతున్నవ్."

డ్రైవర్ నవ్వాడు. "అవ్ చాచా. ఆ కట్టు జర విప్పు. కాలు చచ్చుబడతది."

సీమోను చెయ్యి ముడి మీదికి పోయింది... ఆగింది.

దవాఖాన దాకా విప్పొద్దు! అదీ క్లాసులో చెప్పిందే. తెలివి ఉందో లేదో అడిగి చూడమనీ చెప్పారు.

"బిడ్డా, నీ పేరేంది?"

"వీణ."

"ఇయ్యాల ఏం వారం?"

"బేస్తారం."

"అమ్మేది?"

"చచ్చిపాయె గద డాడీ..."

అన్నీ కరెక్ట్!

అంటే... ఇందాక చెప్పింది కూడా!

సీమోను బయటికి చూశాడు. దవాఖాన వైపు కాదు... ఊరి బయటికి పోయే జల్‌పల్లి రోడ్డు!

ముందు వాటర్ ట్యాంకర్ అడ్డమొచ్చింది. బ్రేక్! డ్రైవర్ చెయ్యి సీటు కిందికి పోయింది.

కత్తి!

సీమోను వెనకనుంచి వాడి మెడ చుట్టూ చెయ్యి బిగించాడు. రైలు పట్టాలు మోసిన చెయ్యి!

ఒకటి... రెండు... మూడు...

పదికి వాడి తల వాలిపోయింది. పోగైన జనం వీణను వేరే ఆటోలో ఎక్కించి దవాఖానకు పంపారు.

మర్నాడు పొద్దున.

వీణ బతికింది. కిడ్నీలు పనిచేస్తున్నాయి, కాలు కూడా దక్కిందన్నాడు డాక్టరు.

పక్క వార్డులో డ్రైవర్. ఊపిరుంది. కళ్లు తెరిచే ఉన్నాయి. కన్నతల్లి వచ్చి పిలిచినా గుర్తుపట్టలేదు.

సీమోను మొహం కడుక్కుని, నడుచుకుంటూ ఠాణాకు వెళ్లాడు.

"కంగారుపడకు పెద్దాయనా." ఎస్సై ఉమాపతి కాగితం ముందుకు జరిపాడు. "వాడు కత్తి తీశాడు, నువ్వు ఆపావు. పది సెకన్లు పట్టుకున్నావని రాశాం. సంతకం పెట్టు."

సీమోను పెన్ను ముట్టుకోలేదు.

"పదికే పడిపోయిండు సార్. కత్తి గూడ జారిపోయింది."

"మరింకేం?"

"మెదడుకు రక్తం అందకపోతే ఏమైతదో నాకు ఎరకే సార్. ఎరకుండే పట్టుకున్న..."

సీమోను తలెత్తాడు.

"నాలుగు నిమిషాలు!"