టోపీ లోపలి చుక్కలు

డాక్టర్ తోలోముష్ తల మీద ఎవరో మైక్రోస్కోప్‌తో నాలుగైదు సార్లు మోదారు. ల్యాబ్ నేలంతా నెత్తురు.

షెల్ఫ్ మీద, కిర్గిజ్ మగవాళ్ళు పెట్టుకునే తెల్లటి కల్పాక్ టోపీ మాత్రం మల్లెపువ్వులా ఉంది.

బిష్కెక్ చర్మవ్యాధుల ఆస్పత్రికి కెప్టెన్ బురుల్ వచ్చేసరికే కానిస్టేబుల్ ఒకణ్ణి పట్టుకుని చితకబాదేశాడు. తైలక్. గొర్రెల కాపరి, సోరియాసిస్ పేషెంట్. పెదవి చిట్లి, పన్ను ఊడింది. చేతులకు బేడీలు.

"నిన్న ఈ డాక్టర్ని చంపేస్తానని అరిచాడు మేడం!"

"మోచేతులు మండిపోయి అరిచానక్కా! కొత్త మందు రాసేకొద్దీ ఎక్కువైంది. చంపలేదు!"

బురుల్ టోపీ తిరగేసింది. లోపల సూదిమొనంత ఎర్ర చుక్కలు, బోలెడు.

"పగిలిన తల కదా మేడం."

"పగిలిన తలైతే తడిసి ముద్దవ్వాలి. నీ తలలో ఏముందిరా?"

ఆ చుక్కలు ఆమెకు కొత్త కాదు. తల్లి మోకాళ్ళ సోరియాసిస్ వల్ల దుప్పట్ల నిండా అవే. ఒంట్లో ఒక ప్రోటీన్ రక్తనాళాల్ని పెంచి, ఉబ్బించి, చర్మం పైకంటా తెస్తుంది. పొట్టు రాలితే చాలు, చుక్కలుగా నెత్తురు.

శవం తల మీద, గాయం తప్ప, పొట్టు జాడే లేదు. తైలక్ జుట్టు పాయలు తీసి చూసింది. అక్కడా ఏమీ లేదు.

డిపార్ట్‌మెంట్ హెడ్ డాక్టర్ ఎర్మెక్ వచ్చాడు, టోపీ కిందికి లాక్కుంటూ.

"మీకూ సోరియాసిస్ ఉండేదట?"

"నా మందుతోనే పోయింది. పేపర్లన్నీ రాశాయి."

"టోపీ తీయండి."

"కిర్గిజ్ మగాణ్ణి టోపీ తీయమంటావా? సిగ్గులేదూ?"

"అది మీకు బిగుతు డాక్టర్. నుదుటి మీద నెత్తురు కారుతోంది."

ఎర్మెక్ పగిలిన గాజుగొట్టం అందుకుని ఆమె గొంతు మీదికి దూకాడు. తైలక్ బేడీల చేతులతోనే అతని దవడ మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు. టోపీ ఎగిరిపడింది. మాడంతా పొట్టు, ఎర్ర చుక్కలు.

"పెనుగులాటలో రెండు టోపీలూ పడ్డాయి," అంది బురుల్, మెడ తుడుచుకుంటూ. "మనలో ఎవడూ టోపీని నేల మీద వదలడు. చంపాక కూడా మీ చెయ్యి ఊరుకోలేదు. రెండూ తీశారు. కానీ షెల్ఫ్ మీద పెట్టింది మీది, నెత్తిన పెట్టుకున్నది ఆయనది."

"నా మందుతో ఆ ప్రోటీన్ తగ్గలేదట! లోపల నాళాలు అలాగే ఉన్నాయట!" ఎర్మెక్ నెత్తురు ఉమ్మాడు. "ఈ గొర్రెలోళ్ళ కోసం నా మందు ఆపిస్తానన్నాడు ఆ తోలోముష్!"

కానిస్టేబుల్ తలొంచుకుని తైలక్ బేడీలు విప్పాడు.

తైలక్ కింద పడ్డ టోపీ తీసి, దులిపి, తోలోముష్ తల పక్కన పెట్టాడు.

"నా కోసం పోట్లాడాడా అక్కా? నేనేమో ఆయన్నే తిట్టాను," అని వెక్కివెక్కి ఏడ్చాడు.