షైనీ పేజీలో తెల్ల అక్షరాలు

"నా చెంచాలు యాడ సార్?"

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా, మందుల షాపు మేడమీద ఉన్న కంప్యూటర్ సెంటర్లో ఈ ప్రశ్న వినపడేసరికి, పాఠం చెబుతున్న రాజమోహన్ నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. గుమ్మంలో షైనీ నిలబడి ఉంది. భుజాన గుడ్డసంచి, జుట్టు నిండా ఉదయగిరి బస్సు దుమ్ము, మొహం నిండా కోపం.

నిజం చెప్పుకోవాలంటే తప్పు మనవాడిదే. నెల కిందట ఆ అమ్మాయి మొదటిసారి వచ్చినప్పుడు కోర్సులో చేరడానికి వచ్చిందనుకుని అప్లికేషన్ ఫారం చేతికిచ్చాడు. ఆమె ఆ ఫారం మీద తను చెక్కిన చెంచా ఒకటి తీసి పెట్టింది. ఉదయగిరి కొండ మీద దొరికే నర్ది చెక్క. పిడి చివర తీగలు, తీగల మధ్య వేలిగోరంత పిట్ట. "దీన్ని ఇంటర్‌నెట్‌లో పెడితే ఎవురన్నా కొంటారా సార్?" అని అడిగింది. రాజమోహన్ చెంచా వైపు ఒకసారి, ఆమె కళ్ళ వైపు నాలుగుసార్లు చూసి, "ప్రపంచమంతా చూస్తుంది" అనేశాడు. అన్నవాడు ఊరుకున్నాడా, వారం తిరిగేసరికి ఫొటోలు స్కాన్ చేసి, ఉచితంగా జాగా ఇచ్చే సైటొకటి పట్టుకుని, పేజీ కట్టి పెట్టాడు కూడా.

"ఇదిగో, ఉందిగా" అంటూ ఇప్పుడు పేజీ అడ్రసు కొట్టి చూపించాడు. పైన పెద్ద అక్షరాలతో 'వరల్డ్స్ బెస్ట్ వుడెన్ స్పూన్స్' అని ఉంది. కింద ఆమె చెక్కిన ఆరు చెంచాలున్నాయి.

"అడ్రసు తెలిసినోళ్ళకు మా ఇల్లు గూడా కనపడతాది సార్. తెలియనోళ్ళు వెతికితే వస్తాదా, అది చెప్పు."

అప్పటికింకా మనిషికి ఏం కావాలన్నా వెతికి పెట్టే సైట్లు నాలుగైదు ఉండేవి. ఒకదాంట్లో 'వుడెన్ స్పూన్' అని కొట్టాడు. మోడెం కీచుకీచుమంటూ నెల్లూరు దాకా వెళ్ళొచ్చింది. పేజీకి పది చొప్పున పేర్లు దిగాయి. మొదటి పేజీలో లేదు. ఐదో పేజీలో లేదు. షైనీ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఆమె జడ అతని మోచేతికి తగులుతూంటే రాజమోహన్‌కి పేజీలు ఎన్ని తిప్పినా విసుగు రాలేదు. ఇరవై మూడో పేజీలో కరెంటు పోయింది.

"చెంచాలమ్మేవాళ్ళు లక్షమంది ఉన్నారు" అన్నాడు నీరసంగా. "మనది కొత్త పేజీ కదండీ."

షైనీ ఆరిపోయిన తెర వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "మా నాయన కావలిలో వాచ్‌మన్ పని ఒప్పుకున్నాడు సార్. ఊళ్ళో చెంచాలు అడిగేవాళ్ళు లేరు. ఈస్టరు దాకా చూస్తానన్నాడు. అప్పటికీ గిరాకీ రాకపోతే ఉలులు మూటగట్టి, అవ్వను తీసుకుని అందరం కావలి పోతాము. నాకు ఈ పని తప్ప ఇంకోటి చేతగాదు, చెయ్యాలని గూడా లేదు."

రాజమోహన్‌కి ఇప్పుడు రెండు బాధలు. ఆమె పని పోతుందన్న బాధ ఒకటి. కావలి వెళ్ళిన మనిషి ఆత్మకూరు మేడమెట్లు మళ్ళీ ఎక్కదన్న బాధ ఇంకొకటి, అది మొదటిదానికంటే కొంచెం పెద్దది.

"ఈస్టరు లోపల పైకి తెస్తా" అన్నాడు.

ఆ తర్వాత ప్రతి గురువారం ఉదయగిరి బస్సు దిగి షైనీ వచ్చేది. 'సార్' పోయి 'నువ్వు' వచ్చింది. 'అండీ' కూడా ఎప్పుడో రాలిపోయింది.

"ఇన్ని రాసినావే, ఉదయగిరి అని ఒక్క మాట గూడా లేదేంది?" అంది రెండో గురువారం.

"ఉదయగిరి అంటే ఎవరికి తెలుసు షైనీ? నెల్లూరు దాటితే ఎవరూ వినుండరు. వరల్డ్ అంటేనే గొప్పగా ఉంటుంది."

"నువ్వు ఆత్మకూరు వాడివి గాబట్టి అట్టంటావు. చెక్క మా కొండది, చెయ్యి మాది, పేరు మాత్రం వరల్డుదా? మా ఊరి పేరు పైన పెట్టు. సిగ్గేంది?"

"పెడితే ఎవరూ వెతకరు."

"ఇప్పుడు మాత్రం ఎవురు వెతికి సచ్చినారు?"

రాజమోహన్ 'వరల్డ్స్ బెస్ట్' తీసేసి 'ఉదయగిరి' అని పెట్టాడు. పెట్టాడే గాని నమ్మకం లేదు. అందుకని ఆమె వెళ్ళిపోయాక నెల్లూరులో ఒక మిత్రుడు చెప్పిన చిట్కా ఒకటి వేశాడు. పేజీ తెల్లగా ఉంటుంది కదా, పైభాగంలో తెల్ల అక్షరాలతోనే 'వుడెన్ స్పూన్, వుడెన్ స్పూన్' అని రెండొందలసార్లు రాస్తే మనుషులకు కనపడదు, వెతికే యంత్రం మాత్రం చదువుకుని పేజీని పైకి తెస్తుందట.

అరవైసార్లు రాసేసరికి వేళ్ళు నొప్పెట్టాయి. కిటికీలోంచి చూస్తే ఉదయగిరి బస్సు కదులుతోంది, కిటికీ పక్కన షైనీ కూర్చుని ఉంది. ఎటూ మనుషులెవరూ చదవరు కదా అన్న ధైర్యంతో, అన్నిటికంటే పైన, తెల్ల అక్షరాలతో, తనకొచ్చిన ఇంగ్లీషులో రెండు వాక్యాలు కొట్టాడు. కొట్టి, మొహం కడుక్కుని వచ్చి పాఠం చెప్పుకున్నాడు.

తరువాతి వారం షైనీ పేజీ చూసి, "పైన ఇంత జాగా ఖాళీగా వదిలినావేంది?" అంది.

"డిజైను" అన్నాడు మనవాడు గంభీరంగా. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మార్చిన పేజీ సంగతి ఆ వెతికే యంత్రానికి తెలియడానికి వారాలు పట్టే కాలమది. మార్చి అంతా అట్లాగే గడిచింది. ఈస్టరుకి మూడు రోజుల ముందు, గురువారం నాడు, మేడమెట్ల మీద ముగ్గురి అడుగులు వినపడ్డాయి. షైనీ వెనకాల వాళ్ళ నాయన వరదయ్య, ఆయన చెయ్యి పట్టుకుని అవ్వ లిదియమ్మ.

"ఆఖరిసారి చూసిపోదామని పట్టుబట్టింది పిల్ల" అన్నాడు వరదయ్య కూర్చుంటూ. "సోమవారం కావలిలో చేరాల. ఏందో చూపించు బాబూ."

రాజమోహన్ కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. 'వుడెన్ స్పూన్' అని కొట్టాడు. పది పేజీలు తిప్పాడు. లేదు. అరవైసార్లు రాసిన రాతలన్నీ గంగలో కలిశాయి. వరదయ్య లేవబోయాడు.

"వుండు నాయనా" అంది షైనీ. "మా ఊరి పేరు కొట్టు."

ఒక్కొక్క అక్షరమే కొట్టాడు. మోడెం లైట్లు మిణుకుమన్నాయి. పేజీ దిగింది. మొట్టమొదటి వరసలో, నీలం అక్షరాలతో, 'ఉదయగిరి వుడెన్ స్పూన్స్'.

"ఫస్టు" అంది షైనీ. తెర మీద వేలు పెట్టి మళ్ళీ అంది. "నాయనా, మనమే ఫస్టు."

రాజమోహన్ గాలిలో తేలాడు, ఒక్క క్షణమే. ఎందుకంటే ఆ నీలం పేరు కింద, ఆ సైటు అలవాటు ప్రకారం, పేజీలో మొట్టమొదట ఏ రెండు వాక్యాలున్నాయో వాటిని నల్లటి సిరాతో అచ్చేసినట్టు చూపిస్తోంది. యంత్రం చదవాలనే కదా రాశాడు. అది చదివి ఊరుకోలేదు, లోకానికంతా వినిపిస్తోంది.

మౌసు పట్టుకుని పక్కకు లాగబోయాడు. "ఆగు" అంది లిదియమ్మ. మిషన్ బంగళాలో పదిహేనేళ్ళు ఆయాగా చేసిన మనిషి, దొరసాని దగ్గర ఇంగ్లీషు చదవడం నేర్చుకుంది. కళ్ళజోడు సర్దుకుని తెరకు దగ్గరగా వంగింది.

"షైనీ కోప్పడినా బాగుంటాది అంట" అని తెలుగులో చెప్పింది తాపీగా. "గురువారం ఉదయగిరి బస్సు రాకపోతే ఆ వారమంతా నాకు వారం గాదు అంట. ఏందిరా అబ్బాయ్ ఇది? ఇయ్యాల ఏప్రిల్ ఒకటో తేదీ. ఏప్రిల్ ఫూలా?"

చూడండి, ఎంత మంచి దారి చూపించింది ముసలావిడ. ఔనని నవ్వేస్తే సరిపోయేది. రాజమోహన్ వరదయ్య వైపు చూశాడు, ఉలి పట్టి కాయలు కాచిన చేతుల వైపు చూశాడు, చివరికి షైనీ వైపు చూశాడు.

"కాదవ్వా" అన్నాడు. "నిజమే."

"ఇదా నీ డిజైను?" అంది షైనీ. ఆ మొహంలో ఉన్నది కోపమో మరొకటో రాజమోహన్‌కి అర్థం కాలేదు. వరదయ్య మాత్రం గొంతు సవరించుకున్నాడు. "ఆ మాటల వల్ల చెంచా ఒకటన్నా అమ్ముడు పోయినాదా?" అని అడిగాడు.

పేజీ అడుగున ఇచ్చిన ఈమెయిల్ పెట్టె తెరిచాడు రాజమోహన్, ఆ ప్రశ్న నుంచి తప్పించుకోవడానికే. అందులో ఎప్పుడూ ఏమీ ఉండేది కాదు. ఆరోజు ఒక ఉత్తరం ఉంది, కెనడా నుంచి. ఈసారి షైనీ చదివింది, ఆగి ఆగి, తెలుగు చేసుకుంటూ.

"నా పేరు ఎడిత్. నేను ఉదయగిరి మిషన్ బంగళాలో పుట్టాను. నాకు ఇప్పుడు అరవై ఏళ్ళు. మా మనవడు కంప్యూటర్ నేర్పినప్పటి నుంచి వారానికోసారి మా ఊరి పేరు కొట్టి చూస్తుంటాను. ఎప్పుడూ ఏమీ వచ్చేది కాదు. నిన్న మీ పేజీ వచ్చింది. ఆ పిట్ట చెంచాతోనే మా ఆయా నాకు అన్నం పెట్టేది..."

"ఎడిత్ పాప" అంది లిదియమ్మ. కళ్ళజోడు తీసేసింది. "ఆ చెంచా మీ తాత చెక్కి ఇచ్చినాడు వరదయ్యా. నేనే పెట్టినాను ఆ అన్నం." ఆమె ఏడుస్తూనే నవ్వింది, వరదయ్య ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

షైనీ మిగతాది చదివింది. ఎడిత్‌కి చేతిపని వస్తువులు అమ్మే దుకాణం ఉందట. ముందు నాలుగొందల చెంచాలు కావాలట, బాగుంటే ప్రతి మూడు నెలలకూ అన్నేసి. అన్నీ చేత్తో చెక్కినవే, అన్నిటి మీదా పిట్ట ఉండాలి.

"నాలుగొందలా?" వరదయ్య లెక్క వేసుకున్నాడు వేళ్ళ మీద. "మనమిద్దరం చాలము. చెక్కడం మానేసిన శీనయ్యను పిలవాల, వాళ్ళ ఆడోళ్ళను గూడా పిలవాల." కావలి మాట ఎత్తకుండానే, "చెంచాలు చెక్కే షెడ్డు తాళం యాడ పెట్టినావమ్మా?" అన్నాడు.

"ఇంకొక ముక్క ఉండాది" అంది షైనీ. దాన్ని ఆమె పైకి చదవలేదు. అవ్వ ఊరుకుంటుందా, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "మీ పేజీలో మొదటి రెండు వాక్యాలు చదివినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఇంతకూ ఆ అమ్మాయి ఏం చెప్పింది? అని అడగతా ఉండాది ఎడిత్ పాప."

అందరూ షైనీ వైపు చూశారు. వరదయ్య చూడలేదు, రాజమోహన్‌ను చూశాడు. "మీది ఏ చర్చి బాబూ?"

"ఈ ఊరి బాప్టిస్టు చర్చే అండీ. మా నాయన టీచరు."

"ఆదివారం ఉదయగిరిలో ఈస్టరు ఆరాధన. మీ నాయనను తీసుకుని రా, మాట్లాడుకుందాము. అంతా పిల్ల ఇష్టం."

పిల్ల కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చుంది, మొదటిరోజు కూర్చున్నట్టే, జడ అతని మోచేతికి తగిలేటట్టు. చెంచాల పేజీ తెరవమంది. తెరిచాడు. పైన ఖాళీగా ఉన్న తెల్లటి జాగాలో వేలు పెట్టి చూపించింది.

"ఆ వుడెన్ స్పూన్ సోదంతా తీసెయ్."

తీసేశాడు. రెండు వాక్యాలు మిగిలాయి, ఎవరికీ కనపడకుండా.

"ఇవి?" అన్నాడు భయం భయంగా.

షైనీ తెర మీద నుంచి చూపు తిప్పకుండా నవ్వింది.

"నల్ల రంగు వెయ్. అందరూ చదువుకోనీ."