నెత్తళ్ల తల్లి చెర

సముద్రపు ఒడ్డున ముత్యాలరేవు అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యానికి అన్నం పెట్టేవి నెత్తళ్లు. వేలెడు పొడవుండే ఆ చిన్న చేపలకు ఒక ఏడాది ఏదో శాపం తగిలింది. పిల్ల చేపలు గోరంత దగ్గరే ఎదగడం మానేశాయి. పెద్దవాటి కడుపు కోసి చూస్తే ఒక్క గుడ్డు లేదు. పడవలు ఒడ్డున ఎండిపోయాయి. కారణం కనుక్కోమని రాజు సింధువర్మ పంపిన ముగ్గురు వీరులూ తిరిగి రాలేదు.

వాళ్ల తర్వాత బయలుదేరింది మసేనమ్మ. పడవ నడిపే ఎర్రయ్య కూతురు, పదహారేళ్లది. తమ్ముళ్లిద్దరూ గంజి కోసం ఏడుస్తుంటే చూడలేక, "నానెల్లి కనుక్కుని వస్తానయ్యా" అంది. తండ్రి వద్దన్నా ఆగలేదు.

మూడు రోజులు నడిచి మడ అడవి చేరింది. మోకాళ్ల దాకా బురదలో దిగబడుతూ వెళ్తుంటే ఒక ముని కనిపించాడు.

"తల్లీ, నెత్తళ్ల తల్లి గుడ్లు పెడితేనే మిగిలిన చేపలు పెడతాయి. మకరాసురుడు ఆమెను సముద్రపు గుహలో బంధించాడు. వాడి మీద కత్తి పనిచేయదు. వాడు అడిగినదానికి నిజం చెప్పు" అన్నాడాయన.

ఏరు సముద్రంలో కలిసే చోట పడవంత పీత ఒకటి, రాళ్ల మధ్య డెక్క ఇరుక్కుని గింజుకుంటోంది. మసేనమ్మ అరచేతులు చీరుకుపోయేదాకా రాయిని నెట్టి దాన్ని విడిపించింది. పీత ఆమెను వీపున ఎక్కించుకుని, అలలు దాటించి గుహ ముందు దించింది.

లోపల మొసలి తల రాక్షసుడు మడుగుకు కాపలా కాస్తున్నాడు. మడుగులో వెండిలా మెరిసే పెద్ద చేప రొప్పుతోంది. పక్కనే మూడు రాతి బొమ్మలు.

"ఈమెనెందుకు బంధించానో చెప్పు! లేదా నీవూ రాయివవుతావు" అని గర్జించాడు.

మసేనమ్మకు తండ్రి వల గుర్తొచ్చింది. అయినా చెప్పింది.

"తప్పు మాదే. గుడ్లతో ఉన్న తల్లుల్నీ, కళ్లు తప్ప ఏటీ కనపడని పిల్లల్నీ సన్నకన్ను వలతో ఊడ్చేసినాం. మా అయ్య కూడా."

రాక్షసుడి గొంతు తగ్గింది. "ఈమె ఒక్కతైనా మిగలాలని దాచాను. వదిలితే మళ్లీ ఊడ్చరని పూచీ ఎవరు?"

"నాను. గుడ్లు పెట్టే రెండు నెలల్లో ఒక్క వల నీళ్లల్లో దిగినా నన్ను రాయిని చేసేయ్."

రాక్షసుడు మడుగు గట్టు తెంచాడు. రాతి బొమ్మలైన వీరులు ముగ్గురూ ప్రాణంతో మేలుకున్నారు.

మసేనమ్మ తిరిగొచ్చి చెప్పిన సంగతి విన్న రాజు, రెండు నెలలు వల దించొద్దని చాటించి, ధాన్యపు కొట్లు తెరిపించి ఇంటింటికీ కొలిపించాడు. అయినా పదో రోజున ఎర్రయ్య ఓపిక నశించి పడవ తోశాడు. మసేనమ్మ అడ్డం నిలబడింది.

"ఎన్నాళ్లే ఈ కొలత గింజలు? పక్కకి తప్పుకో!"

"తప్పుకోనయ్యా."

అతను వల విసిరాడు. అది నీటిని తాకగానే మసేనమ్మ పాదాలు రాయిగా మారాయి. రాయి మోకాళ్ల దాకా పాకింది. ఎర్రయ్య వల లాగి, కత్తితో ముక్కలు ముక్కలుగా కోసేశాడు. కూతురి కాళ్లు పట్టుకుని, వాటికి వెచ్చదనం తిరిగొచ్చేదాకా ఏడ్చాడు. అది చూసి మిగిలినవాళ్లూ తమ సన్నకన్ను వలలు తెచ్చి అక్కడే తగలబెట్టారు.

గడువు తీరింది. ఇంకొన్ని నెలలకు నెత్తళ్లు వేలెడు పొడవు పెరిగి, గుంపులు గుంపులుగా తీరానికి వచ్చాయి. వాటి కడుపుల్లో గుడ్లు నిండుగా ఉన్నాయి. సింధువర్మ మసేనమ్మను రేవుకు అధికారిణిని చేశాడు. ఏ వల ఎప్పుడు దిగాలో అప్పటినుంచి ఆమె మాటే శాసనం. ముత్యాలరేవులో మళ్లీ ఏ బిడ్డా గంజికి ఏడవలేదు.