వంద మీటర్ల కట్ట మీద గూడు

"నేను ముట్టుకోలేదమ్మా. నా కొడుకు మీద ఒట్టు, ఆ మర నేను ముట్టుకోలేదు."

తలుపు తోసుకుని వచ్చిన మనిషి కూర్చోకుండానే అన్న మాట అది. గోళ్ళ సందుల్లో నూనె నలుపు, చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో. రైఫిల్ క్లబ్బులో తుపాకుల మేస్త్రీనని, రేపు సాయంత్రం కమిటీ కూర్చుని తన ఉద్యోగం, లైసెన్సు రెండూ పీకేస్తుందని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

డిటెక్టివ్ కుర్చీ చూపించింది. యాభై దాటిన మనిషి. మగవాళ్ళలా కత్తిరించిన జుట్టు, ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా. ఊళ్ళో అందరూ ఆవిణ్ణి భూతద్దం అంటారు, ఎదురుగా మాత్రం మేడం అంటారు. పక్కన నిలబడ్డ అసిస్టెంటుకి ఆవిడ పెట్టిన పేరు తొందర. ఆ పేరు ఎందుకొచ్చిందో అడగక్కర్లేదు, కాసేపట్లో అతనే చూపిస్తాడు. ఆవిడంటే అతనికి ప్రాణం. ఆవిడ తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉందనుకునే రకం.

"మొదటి నుంచి చెప్పండి" అంది మేడం.

ఆదివారం పక్క ఊళ్ళో రాష్ట్ర జట్టుకి ఎంపిక పోటీ జరిగింది. క్లబ్బులో గురి నేర్పే మాస్టారి మేనకోడలికి సీటు ఖాయమని అందరూ అనుకున్నారు. కానీ వంద మీటర్ల పోటీలో ఆ పిల్ల కాల్చిన గుళ్ళన్నీ నల్ల చుక్కకి జానెడు కిందే పడ్డాయి. సీటు రెండోవాడికి వెళ్ళింది. ఆ రెండోవాడు మేస్త్రీ కొడుకు.

"రైఫిలు శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం పొద్దున దాకా ఆయుధాల గదిలో ఉంది. శనివారం సెలవు. తాళం నా దగ్గర. దాని మీద గురి చూసే స్కోప్ మర నేనే తిప్పానంటున్నారు మాస్టారు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన్ని అన్నలా చూశానమ్మా." మేస్త్రీ మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు గానీ తాగలేదు.

తొందర మనసులో కేసు అప్పుడే తేలిపోయింది. తాళం ఇతని దగ్గర, లాభం ఇతని కొడుక్కి. ఇంకేం కావాలి?

*

క్లబ్బు ఊరి చివర. ఒక పెంకుల షెడ్డు, దాని ముందు పొడుగాటి మైదానం. యాభై మీటర్ల దగ్గర ఒక మట్టికట్ట, దాని పక్కనుంచి ఇంకా ముందుకి వెళితే వంద మీటర్ల దగ్గర మరొకటి. వాళ్ళు గేటు దాటుతుండగానే షెడ్డు మెట్ల మీంచి గట్టి గొంతు వినిపించింది.

"ఎవరు బాబూ మీరిద్దరూ? మెంబర్లు కానివాళ్ళు లోపలికి రాకూడదు!"

"ఇద్దరిలో ఒక్కడే బాబు మాస్టారూ" అంది మేడం నవ్వుతూ.

గొంతు విన్నాక మాస్టారు ఉలిక్కిపడ్డాడు. ముఖం ఎర్రబడింది. "క్షమించాలమ్మా, ఎండ మొహాన పడుతోంది" అన్నాడు. తొందరకి నవ్వు ఆగలేదు. ఎండ మాస్టారి వీపు వైపు ఉందన్న సంగతి మాత్రం అతను పట్టించుకోలేదు.

మాస్టారు నిటారుగా ఉండే మనిషి. ఊళ్ళో తుపాకి పట్టినవాళ్ళలో సగంమంది ఆయన శిష్యులే. అడగకుండానే బీరువాలోంచి ఒక గురి కాగితం తీసి బల్ల మీద పరిచాడు. నల్ల చుక్క నడిమధ్య ఐదు చిల్లులు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ.

"శుక్రవారం జీరో చేశాను. అంటే తెలుసు కదా? గుండు పోతూ పోతూ కిందికి వంగుతుంది. స్కోప్ మాత్రం తిన్నగా చూస్తుంది. ఆ రెండూ ఏ దూరంలో కలవాలో ముందే ఎంచుకుని, అక్కడ కలిసేదాకా మర తిప్పి, మళ్ళీ కాల్చి చూసుకోవాలి. వంద మీటర్ల పోటీకి వంద మీటర్ల జీరో. నా చేత్తో కాల్చాను, నా కళ్ళతో చూశాను. తుపాకిని నమ్మకు, కాగితాన్ని నమ్ము అని అందరికీ చెప్పేది నేనే."

"యాభై దగ్గర జీరో చేస్తే?"

"ఈ చిన్న గుండుకి వంద దగ్గర జానెడు కింద పడుతుంది" అని ఠక్కున అన్నాడు మాస్టారు. అని, ఆ కాగితాన్ని గబగబా మడిచేశాడు.

మేనకోడలు లోపల బెంచీ మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి.

"పోటీకి ముందు సరిచూసుకోవడానికి కొన్ని గుళ్ళు ఇస్తారుగా?" అంది మేడం. "అవి ఎక్కడ పడ్డాయి?"

"అవీ కిందే."

"మరి మర తిప్పుకోలేదేం?"

ఆ పిల్ల వింతగా చూసింది. "మామయ్య మర ముట్టుకోనివ్వరండి. గుండు ఎటు పోయినా తప్పు నీ ఊపిరిదీ నీ వేలిదీ అంటారు. ఇక్కడ అందరికీ అదే పద్ధతి. నేనే బెదిరిపోయి పాడుచేశాననుకున్నాను. ఇంటికొచ్చి ఆయన ముఖం చూడలేకపోయాను."

"శుక్రవారం ఆయన జీరో చేస్తుంటే చూశావా?"

"లేదండి. మేస్త్రీ బాబాయి తాళం వేసేస్తున్నాడని పరిగెత్తుకుంటూ వచ్చాను. ఆయన షెడ్డులో రైఫిలు పట్టుకుని కూర్చున్నారు. 'అయిందా మామయ్యా?' అన్నాను. కాసేపాగి 'ఆఁ, అయింది' అన్నారు. పట్టుకెళ్ళి గదిలో పెట్టించేశాను."

తర్వాత ఆయుధాల గది. రైఫిలు చట్రానికి స్కోప్‌ని పట్టి ఉంచే మరలన్నిటి మీదా మేస్త్రీ పెట్టిన ఎర్ర రంగు చుక్క చెక్కుచెదరలేదు. స్కోప్ కదల్లేదన్నమాట. ఎత్తు మార్చే మర మీద గీత సరిగ్గా సున్నా దగ్గర ఉంది; జీరో కుదిరాక మర కదలకుండా పై బిళ్ళని మాత్రం జరిపి ఆ గీతని సున్నాకి పెట్టుకుంటారు. మేడం ఆ గీతకేసి చాలాసేపు చూసింది.

మేస్త్రీ కొడుకు అప్పుడే నాన్నకి టీ తెచ్చి పక్కన నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే తొందర నోరు జారాడు.

"తాళం నీ దగ్గర, సీటు నీ కొడుక్కి! ఇంకా ఒట్లెందుకయ్యా? తిప్పేసి మళ్ళీ గీత సున్నాకి పెట్టడం నీకు ఎంత పని?"

కొడుకు టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు, టీ ఒలికింది. "వాడి ముందు అనకండి బాబూ" అన్నాడు మేస్త్రీ చాలా మెల్లిగా.

మేడం తొందర భుజం పట్టుకుని బయటికి నడిపించింది. తిడుతుందేమోనని అతను ఎదురుచూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. "నిన్ను పెట్టుకున్నది చూడ్డానికి, తీర్పు చెప్పడానికి కాదు" అని ఊరుకుంది. "వెళ్ళు, వంద మీటర్ల కట్ట దాకా నడిచిరా. ఏం కనిపిస్తే అది చెప్పు, ఏమనిపిస్తోందో వద్దు."

తొందర తలొంచుకుని నడిచాడు. యాభై మీటర్ల కట్ట దాకా దారి నున్నగా ఉంది. ఆ తర్వాత మోకాలెత్తు గడ్డి, ఒక్క పరక నలగలేదు. వంద దగ్గర ఉన్నది ఒకే చెక్క చట్రం. కాగితం గుచ్చే పలక వెనక పిట్టగూడు, అందులో ఈకలొస్తున్న పిల్లలు. నీడ పడగానే అన్నీ ఒక్కసారి నోళ్ళు తెరిచాయి. తల్లిపిట్ట అతని నెత్తి మీద గోలగోలగా తిరిగింది. అతనికి పొద్దుటినుంచీ మొదటిసారి మనసు తేలికపడింది.

వచ్చి చెప్పాడు. "మంచిది" అంది మేడం. ఆవిడ ముఖంలో సంతోషం లేదు. "కేసు తేలిపోయింది. ఇలా తేలకుండా ఉంటే బాగుండేది."

*

మర్నాడు సాయంత్రం కమిటీ రేంజి ముందే కుర్చీలు వేసుకుని కూర్చుంది. ప్రెసిడెంటు, మాస్టారు, మేనకోడలు, మేస్త్రీ, అతని కొడుకు. తొందర వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డాడు, ఎవరి కంటా పడకుండా.

మేడం ఆ పిల్లకి రైఫిలు ఇచ్చింది. "మర ముట్టుకోకు. యాభై మీటర్ల దగ్గర కాల్చు."

ఐదు గుళ్ళు. ప్రెసిడెంటే వెళ్ళి కాగితం తెచ్చాడు. ఐదూ నల్ల చుక్క నడిమధ్య.

"ఓర్నీ!" అన్నాడు ప్రెసిడెంటు.

"పాడుచేయాలనుకున్నవాడు మరని ఎటో ఒకవైపు తిప్పేస్తాడు" అంది మేడం. "వాడు తిప్పిన మర యాభై దగ్గర ఇంత కచ్చితంగా కుదరదు. అలా కుదిరిందంటే ఎవరో ఓపికగా కాల్చి, చూసి, తిప్పి, మళ్ళీ కాల్చి, యాభై దగ్గర జీరో చేసి, గీతని సున్నాకి పెట్టారు. మేస్త్రీ ఆ పని సెలవు రోజు దొంగచాటుగా చేయాలంటే తుపాకి మోత ఊరంతా వినాలి. ఇది ద్రోహి పని కాదు, చేయి తిరిగిన గురువు పని."

మాస్టారు లేచి నిలబడ్డాడు. "నేను వంద దగ్గరే..."

"వంద దగ్గర ఉన్న ఒకే ఒక్క చట్రంలో పిట్ట పిల్లల్ని పెట్టింది మాస్టారూ. వాటికి ఈకలొస్తున్నాయి. దారిలో గడ్డి నలగలేదు. శుక్రవారం అక్కడ కాగితం గుచ్చినవాళ్ళు లేరు." ఆవిడ ఆగింది. మిగతాది చెప్పడానికి మాట వెతుక్కుంటోందని తొందరకి తెలిసింది. "ఎండ మీ వీపు మీద ఉండగా, గేటు దగ్గరున్న నేను మీకు మగవాడిలా కనిపించాను. మిగిలింది మీరే చెబితే మర్యాదగా ఉంటుంది."

నిటారుగా ఉండే మాస్టారి వీపు వంగిపోయింది.

"కళ్ళకి పొర కమ్మింది" అన్నాడు చివరికి. "వంద దగ్గర చిల్లులు దుర్భిణిలో కూడా కనిపించడం లేదు. ఎక్కడ పడిందో చూసి చెప్పమ్మా అని ఎవర్నైనా అడగొచ్చు. నోరు రాలేదు. యాభై దగ్గరైతే ఎలాగో కనిపిస్తుంది. అక్కడ చేసి, వందకి మర ఇంకెన్ని టిక్కులు తిరగాలో లెక్కకట్టి తిప్పుదామనుకున్నాను. కాల్చి చూసుకోకుండా లెక్కని నమ్మాలా వద్దా అని కూర్చుని ఆలోచిస్తుంటే ఇది వచ్చి అయిందా అంది. కాలేదని ఎలా చెప్పను? పోటీ దగ్గర తిప్పేద్దాంలే అనుకున్నాను. అక్కడ తుపాకుల తనిఖీ అయ్యాక నన్ను దగ్గరికి రానివ్వలేదు. గది తెరవమని శనివారం మేస్త్రీకి ఒక్క ఫోను చేస్తే సరిపోయేది."

"మరి మేస్త్రీ పేరు ఎందుకు చెప్పారు?" అన్నాడు ప్రెసిడెంటు.

"మీరందరూ నా వైపే చూస్తున్నారు. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోలేకపోయాను." మాస్టారు మేస్త్రీకేసి తిరిగి రెండు చేతులూ జోడించాడు. "సిగ్గుతో చచ్చిపోతున్నానురా. నన్ను కొట్టినా బాధపడను."

మేస్త్రీ ఆ చేతులకేసి చూడలేదు. నేలకేసి చూశాడు. "కళ్ళు పోతే నా కళ్ళు ఇచ్చేవాణ్ణి కదా అన్నా" అన్నాడు. ఆ మాటతో మాస్టారు కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మేనకోడలు వచ్చి పక్కన కూర్చుంది. దాని సీటు పోయింది, మళ్ళీ ఏడాది దాకా రాదు. "నా ఊపిరి తప్పేమో అనుకుని అన్నం కూడా తినలేదు మామయ్యా" అంది.

తొందరకి అక్కడ నిలబడటం కష్టమైపోయింది. మాస్టారిది పెద్ద తప్పే. కానీ ఆయన కళ్ళకి పొరైనా ఉంది, తన కళ్ళకి ఏమొచ్చింది? ఎండ వీపు మీద ఉండటం తను చూడలేదా? నవ్వుకున్నాడు గానీ! మేస్త్రీ కొడుకు దగ్గరికి వెళ్ళాడు. "నిన్న నేనన్న మాట..." అని మొదలుపెట్టాడు.

"నన్ను కాదు అన్నది. మా నాన్నని" అన్నాడు కుర్రాడు మొహం తిప్పుకుని.

తొందర మేస్త్రీ ముందుకి వెళ్ళి నిలబడ్డాడు. "తప్పయిపోయింది" అన్నాడు. మేస్త్రీ తలూపాడు, సరే అన్నట్టో, చాల్లే అన్నట్టో తెలియలేదు. "ఆ పక్కన కొత్త చట్రం ఒకటి పాతాలి. గూటికి దూరంగా. గడ్డపార పట్టుకురండి" అన్నాడు.

ఆ వారమంతా తొందర ఎవరూ అడక్కుండానే వెళ్ళి గోతులు తవ్వాడు. గడ్డి కోశాడు. పిట్టలు ఎగిరిపోయేదాకా అటువైపు కాల్పులు వద్దని ప్రెసిడెంటు బోర్డు పెట్టించాడు.

ఎగిరిపోయిన మర్నాడు పొద్దున రేంజి ముందు క్లబ్బంతా ఉంది. మాస్టారు రైఫిలు మీద వంగి, వంద మీటర్ల దగ్గరి కాగితం మీదికి ఒక గుండు వదిలాడు. మోత ఆగింది. ఆయన స్కోప్ లోంచి కళ్ళు తీసి, అందరూ వింటుండగా తల పక్కకి తిప్పాడు. దుర్భిణి దగ్గర మేనకోడలు కూర్చుంది, దాని పక్కన మేస్త్రీ.

"ఎక్కడ పడిందమ్మా?" అన్నాడు మాస్టారు. "నాకు కనిపించడం లేదు."