ఎడమ వైపు టైర్లు

ఫజర్ నమాజు నుంచి వచ్చిన నవాబ్ టోపీ కూడా తీయకుండా బకెట్లో సబ్బుపొడి కలుపుకుని కారు పక్కన గొంతుక్కూర్చున్నాడు. భవానీపురంలో ఆ వీధి అప్పుడే మేలుకుంటోంది. ఎదురింటి అమలమ్మ వాకిలి చిమ్ముతోంది.

అది పెళ్లిళ్లకు అద్దెకు తిరిగే కారు. హనుమాన్ జంక్షన్‌లో టైర్ల షాపులో పనిచేసే కొడుకు తారిక్ నిరుడు నాలుగు కొత్త టైర్లు తెచ్చి బిగించాడు. నల్లటి రబ్బరు మీద పెద్ద పెద్ద తెల్లని అక్షరాలు. పెళ్లికొడుకు దిగే బండికి ఆ మాత్రం సోకు ఉండాలన్నాడు. వానకీ బురదకీ ఆ అక్షరాలు గోధుమరంగు తిరగడం మామూలే, సబ్బునీళ్లతో బ్రష్షు వేస్తే పోతుంది. నవాబ్ ఇప్పుడు తోముతున్నది బురద కాదు, పసుపు పెయింటు. ఫుట్‌పాత్ అంచు రాళ్లకు పూసేది. అది టైరుకి అంటుకుంటే ఓ పట్టాన వదలదు.

నెలలో ఇది మూడోసారి. మూడుసార్లూ ఎడమ వైపే. ప్రతిసారీ గీసుకున్న చప్పుడు వినిపించాకే అక్కడ గట్టు ఉందని అతనికి తెలిసింది. ఎడమ కంటికి ఆ పక్కనున్నవేవీ ఆనడం లేదు. ముప్పై ఏళ్లు స్టీరింగు పట్టుకున్నవాడు ఆ మాట ఎవరితో అనగలడు? అన్న మరుక్షణం ఇంట్లో కుర్చీకి అతుక్కుపోవాల్సిందే.

"గిన్నెలు తోమే పీచు మీరు తెచ్చారా?" భార్య మెహరాజ్ గుమ్మంలోంచి అడిగింది. "ఆ టైర్లకి చేసే సేవ నాకు చేస్తే నా మోకాళ్ల నొప్పులు ఎప్పుడో పోయేవి."

నవాబ్ నవ్వలేదు. ఆమె లోపలికి వెళ్లిపోయింది.

పదకొండు గంటలకు కంకిపాడులో పెళ్లి. ముందురోజే ఇంటికి వచ్చిన తారిక్ పళ్లు తోముకుంటూ బయటికొచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, ముందు టైరు దగ్గర ఆగాడు. అక్షరాల కింద వేళ్లతో తడిమాడు.

"బాబా, ఇక్కడ ఉబ్బింది చూశారా? గట్టుకి గట్టిగా కొట్టుకుంది. హైవే మీద పేలిందంటే పెళ్లికొడుకుతో సహా కాలవలో ఉంటాం."

నవాబ్ చేతిలోని పీచు ఆగింది. ఆ ఉబ్బు అతను చూడలేదు. పసుపురంగు పోగొట్టే తొందరలో చూడనేలేదు.

"మహెక్!" తారిక్ గట్టిగా పిలిచాడు.

అతని చెల్లెలు, ఇరవై రెండేళ్ల మహెక్ టీ గ్లాసుతో వచ్చింది. ఆమెకు లైసెన్సు వచ్చి నెలయింది. డ్రైవింగు నేర్పింది నవాబే. ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లే ప్రయాణాలకు తనే కారు నడపాలని ఆ పిల్ల కోరిక.

"ఏ గట్టుకి రాశావే కారుని?"

"నేను రాయలేదన్నా."

"మరి బాబా రాశారా? ముప్పై ఏళ్లలో ఆయన బండికి ఒక్క గీత పడిందా? ఈ నెల నుంచే కదా నువ్వు నడుపుతోంది!"

మెహరాజ్ పరుగున వచ్చింది. సంగతి వినగానే మొగుడి మీదే విరుచుకుపడింది. "ఆడపిల్లకి కారెందుకండీ అని నేను మొత్తుకుంటే విన్నారా? మనుషుల ప్రాణాలు పోతే ఎవరు జవాబు చెప్తారు? ఇవాళ్టితో సరి. ఆ తాళం ఇలా ఇవ్వవే."

నవాబ్ నోరు తెరిచాడు. అంతలోనే తల వంచుకుని పీచు బకెట్లో ముంచి పిండాడు.

మహెక్ తండ్రి వైపు ఒక్కసారి చూసింది. "నేనే రాశానమ్మీ. భయపడి చెప్పలేదు," అంటూ తాళం తల్లి చేతిలో పెట్టి, లోపలికి వెళ్లిపోయింది.

తారిక్ స్టెప్నీ బిగించి, స్నానానికి వెళ్లాడు. నవాబ్ వెనక టైరు ముందుకు జరిగి మళ్లీ తోమసాగాడు. కూతురు ఎందుకు అబద్ధమాడిందో అతనికి అర్థం కాలేదు. కొంతసేపటికి పెయింటు వదిలి అక్షరం తెల్లబడింది. పీచు బకెట్లో వేయబోతే అతని చేయి ఎవరి చేతికో తగిలింది. ఉలిక్కిపడి తల తిప్పాడు. పక్కనే మహెక్ కూర్చుని ఉంది.

"ఎప్పుడొచ్చావమ్మా?"

"చాలాసేపయింది బాబా. మీ ఎడమ పక్కనే కూర్చున్నాను."

నవాబ్ పీచు బకెట్లో వదిలేశాడు.

"మొన్న బస్టాండు దగ్గర ఆటో వచ్చినప్పుడే తెలిసింది," అంది మహెక్ మెల్లగా. "నేను అరిచాక గానీ మీరు బ్రేకు వేయలేదు. మీరే చెప్తారులే అనుకున్నాను."

"మరి తప్పు నీ మీదెందుకు వేసుకున్నావు?"

"అన్న ముందు మీరు తల దించుకుంటే చూడలేను బాబా."

ఆ మాటతో నవాబ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. తన పరువు కాపాడటానికి ఈ పిల్ల తాళం వదులుకుంది. తను మాత్రం నోరు మెదపకుండా కూర్చున్నాడు. అంతకన్నా పెద్ద తప్పు, అదే కంటితో ఇంకాసేపట్లో ఊరివాళ్ల బిడ్డను కారెక్కించుకోబోయాడు. తడి చేతులు లుంగీకి తుడుచుకుని లేచి, తిన్నగా ఇంట్లోకి నడిచాడు.

"తారిక్, మెహరాజ్, ఇటు రండి. కారు రాసింది నేను. మూడుసార్లూ నేనే. నాకు ఎడమ పక్క కనపడటం లేదు."

తారిక్ తల తుడుచుకుంటున్న తువ్వాలు అలాగే ఉండిపోయింది. మెహరాజ్ గోడ పట్టుకుంది.

"ఎన్నాళ్ల నుంచి?" అంది చివరికి.

"రంజాన్ ముందు నుంచి."

"ఇన్ని నెలలా! రోజూ అన్నం పెడుతున్నదాన్ని, నాకు చెప్పకూడదా?" అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

తారిక్ తల్లి దగ్గర తాళం తీసుకుని చెల్లెలి దగ్గరికి వెళ్లాడు. "పెద్దగా అరిచాను. తప్పయిపోయింది. పెళ్లికి నువ్వే నడుపు, నేను పక్కన కూర్చుంటా."

"నువ్వు పక్కనుంటే నాకు కంగారు. వెనకాల కూర్చో," అంది మహెక్ కళ్లు తుడుచుకుంటూ.

మర్నాడు కంటి ఆసుపత్రిలో డాక్టరు నీటికాసులని చెప్పింది. పోయిన చూపు తిరిగి రాదు, చుక్కల మందు మానకుండా వేసుకుంటే ఉన్నది నిలుస్తుంది. కారు మాత్రం ఇక నడపకూడదు.

నవాబూ మెహరాజూ బయటికొచ్చారు. రోడ్డు దాటాలి. బస్సులూ ఆటోలూ ఎడతెరిపి లేకుండా వస్తున్నాయి. నవాబ్ అంచున ఆగి నిలబడిపోయాడు. అతనికి కుడి పక్కన నడుస్తున్న మెహరాజ్ ఏమీ అనకుండా వెనకనుంచి తిరిగి ఎడమ పక్కకు వచ్చింది. బుర్ఖా చేతిలోంచి చెయ్యి చాపి అతని వేళ్లు గట్టిగా పట్టుకుంది. అన్నేళ్ల కాపురంలో నడివీధిలో ఆమె అతని చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

"ఇప్పుడు పదండి," అంది.

నవాబ్ అటు చూడకుండానే అడుగు వేశాడు.